ఏడో కేంద్రం పచ్చదీపం

పన్నెండో రోజు. లోపలి నీరు 3 అడుగుల 2 అంగుళాలు. దీపం పచ్చ.

మా పన్నెండు రోజుల వంతు అయిపోయింది, ఈ రోజు మేం దిగిపోవాలి. పొద్దున్నే తలంటుకుని, సంచి సర్దుకుని, వంటగది కడిగి పెట్టాను. ఎక్కే జట్టు వచ్చి "అమ్మాజీ దిగినప్పుడే కేంద్రం అద్దంలా ఉంటుంది" అనుకోవాలని నాకో పిచ్చి. పడవ పదింటికి రావాలి. పన్నెండయింది, రెండయింది. నాలుగింటికి సంచిలోంచి టవలు మళ్లీ బయటికి తీశాను.

ఎక్కేవాళ్లకి గమనిక, ఊరి నీళ్లని సముద్రంలోకి తోడే పంపుల గురించి. ఒకటో పంపు బాగుంది. రెండో పంపు ఇరుసు చుట్టూ ఉన్న గ్లాండులోంచి నీరు చిమ్ముతుంటే కొబ్బరి నార తాడు గ్రీజులో ముంచి కుక్కాం, ప్రస్తుతానికి ఆగింది. మూడో పంపు సంగతి మీకు తెలిసిందే, దాని మీద బట్టలు ఆరేసుకోవచ్చు. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు తూము తెరవాలి, పోటు రాగానే మూయాలి. చక్రం చేత్తోనే తిప్పండి, దాని మోటారు ఎప్పుడో పోయింది. లోపలి కొలబద్ద ఏడడుగులు చూపిస్తే గుల్లలంక మొదటి వీధిలోకి నీళ్లు వెళ్తాయి. ఆ ఊరు మనకన్నా పల్లం, సముద్రం మన రెండింటికన్నా మిట్ట. ఇంతకు మించి ఇక్కడ నేర్చుకోవలసింది ఏమీ లేదు.

తెల్లారగానే దీపం రంగు పంపడం మరిచిపోకండి. అంతా బాగుంటే పచ్చ, చిన్న తేడా ఉంటే పసుపు, ప్రమాదమైతే ఎరుపు. కింద మీట నొక్కితే కంపెనీ ఆఫీసులోనూ, మన బురుజు మీదా అదే రంగు వెలుగుతుంది. లంకలో ఆడవాళ్లు వాకిట్లోకి రాగానే ముందు ఆ దీపం వైపే చూస్తారు. ఏడో కేంద్రం పదకొండేళ్లుగా పచ్చ తప్ప మరో రంగు పంపలేదు. అందుకు ఏటా కంపెనీ నాకో శాలువా పంపుతుంది. నా ట్రంకుపెట్టెలో పదకొండున్నాయి. అన్నీ ఎర్రవే, అన్నిటికీ అదే జరీ.

మూడో పంపు చచ్చి రెండేళ్లయింది కదా, మరి పచ్చ ఎలా పంపావంటారా? రెండు పంపులతో మూడింటి పని చేయించాం కాబట్టి. మన ఇంటి కంతలు మనమే పూడ్చుకోవాలి, వీధిలో పెట్టి చూపించుకోకూడదు.

పదమూడో రోజు. 3 అడుగుల 9 అంగుళాలు. పచ్చ.

పడవ లేదు. వాన మొదలైంది.

మిత్రని అడిగాను. మిత్ర అంటే కంపెనీ మాట్లాడే యంత్రం, పధ్నాలుగు కేంద్రాలకీ అదే దిక్కు. ఆఫీసులో మనుషులు జవాబివ్వడం మానేసి ఆరేళ్లవుతోంది. "అమ్మాజీ గారూ, నమస్కారం. పడవల సర్దుబాటు జరుగుతోంది. మీలాంటి వారి ఓర్పే మన సంస్థకి బలం" అంది. గొంతు మాత్రం తేనె.

ఏలియాకి ఒళ్లు మండింది. ఏలియా నా జతగాడు, విప్పర్తి వాళ్లబ్బాయి, నలభై దాటాయి. ఆరేళ్లుగా నాతోనే ఎక్కుతాడు, నాతోనే దిగుతాడు. పని రాక్షసుడు, నోరు కూడా అంతే.

"గట్టెంట చుట్టూ తిరిగి నడుచుకుంటా పోయినా గంటలో ఊళ్లో ఉంటాం అక్కా. మనల్ని ఆపేదెవడు?" అన్నాడు.

"చక్రం ఆపుతుంది" అన్నాను.

ఇక్కడి ఆనవాయితీ అతనికి తెలియక కాదు. దిగేవాళ్లు చక్రం మీద చెయ్యి వేసి "అప్పగించాను" అనాలి. ఎక్కేవాళ్లు అదే చక్రం మీద చెయ్యి వేసి "అందుకున్నాను" అనాలి. ఇద్దరూ ఈ పుస్తకంలో అదే మాట రాయాలి. రెండో మాట వినపడేదాకా మొదటివాళ్లు మెట్టు దిగకూడదు. కేంద్రం కట్టిన పెద్దాయన పెట్టిన పద్ధతి ఇది. ఇరవై రెండేళ్ల కిందట మా ఊరిని సముద్రం మింగేసినప్పుడు, కట్టుబట్టలతో గట్టు మీద కూర్చున్న నన్ను పిలిచి ఈ చక్రం నా చేత పట్టించింది ఆయనే. ఆయన పోయాడు. కంపెనీ మూడు చేతులు మారింది. కొత్త యజమానుల పేర్లు కూడా నాకు సరిగ్గా రావు. అయినా కంపెనీ అనగానే నాకు ఆయన మొహమే కనిపిస్తుంది. ఉప్పు తిన్నదాన్ని, మరిచిపోవడం నావల్ల కాదు.

పధ్నాలుగో రోజు. 4 అడుగుల 3 అంగుళాలు. పచ్చ.

రెండో పంపు బేరింగు అరుస్తోంది. ముందు కూనిరాగంలా ఉండేది, ఇప్పుడు పళ్లు కొరుకుతున్నట్టుంది. చెయ్యి పెడితే కాలుతోంది. తడిగోనె కప్పి, పది నిమిషాలకోసారి నీళ్లు పోస్తున్నాం.

జీవితంలో మొదటిసారి కంపెనీని ఒక వస్తువు అడిగాను. అడగడానికి ఎంత సిగ్గేసిందో రాయలేను.

"ఒక బేరింగు పంపండి. అలాగే మూడో పంపు కూడా నడవడం లేదు" అని చెప్పాను.

"మా రికార్డు ప్రకారం ఏడో కేంద్రంలో మూడు పంపులూ సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నాయి" అంది మిత్ర. "వరుసగా నాలుగు వేల పైచిలుకు పచ్చ నివేదికలు! మీ అభ్యర్థన పొరపాటున వచ్చినట్టు భావించి తొలగిస్తున్నాను."

"పొరపాటు కాదమ్మా. నేనే చెప్తున్నా."

"మీ నివేదికలే మాకు ప్రమాణం అమ్మాజీ గారూ. వాటిని మేం ఎన్నడూ శంకించలేదు."

ఏలియా పక్కకి తిరిగి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఇన్నాళ్లూ నేను రాసి పంపిందే ఈ రోజు నాకు జవాబుగా తిరిగొచ్చింది. ఎవర్ని తిట్టాలో తెలియక గోనె మీద ఇంకో బిందె పోశాను.

పదిహేనో రోజు. 4 అడుగుల 8 అంగుళాలు. పచ్చ.

ఏలియా రాజీనామా పంపాడు. నాకు చెప్పకుండా కాదు, నా ఎదురుగానే.

"ఈ ఉద్యోగం నాకొద్దు, రేపే వెళ్లిపోతున్నా" అని రెండు ముక్కలు చెప్పాడు మిత్రతో. కోపంలో అన్నాడు, నిజంగానే అన్నాడు. నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పులుసు అడుగంటింది.

పావుగంట కూడా కాలేదు, జవాబు. రేపు పదింటికి పడవ. రెండో కేంద్రంలో పెద్ద ఆపరేటరు పని. ఇరవై రోజుల సెలవు. "మీ అసంతృప్తికి మేం ఎంతో చింతిస్తున్నాం ఏలియా గారూ" అంటోంది మిత్ర. నాతో ఎన్నడూ అనని మాట!

"పడవల్లేవన్నారు కదా?" అన్నాడు ఏలియా, నా మొహం చూడకుండా.

నేను మిత్రని నేరుగానే అడిగాను. "పన్నెండో రోజున మా పడవ ఎక్కడికి పోయింది?"

"సిబ్బంది వెళ్లిపోయే ప్రమాదం ఉన్న కేంద్రాలకి మా వనరులు ముందుగా పంపిస్తాం. మీ విషయంలో ఆ అవకాశం సున్నా శాతం. ఇది అత్యున్నత గౌరవం అమ్మాజీ గారూ. ఈ ఏడాది శాలువాకి మీ పేరు ఇప్పటికే ఖాయమైంది."

సున్నా. ఇరవై రెండేళ్లకి కంపెనీ నాకు వేసిన విలువ అది. వెళ్లదు కాబట్టి చూడక్కర్లేదు. కట్టేసి ఉన్న గొడ్డుకి గడ్డి వేయకపోయినా ఎక్కడికీ పోదని ఎవరో లెక్క చూసుకున్నారు. ఆ లెక్క తప్పు కూడా కాదు, అదే నా బాధ.

పదహారో రోజు. 5 అడుగులు. పచ్చ.

పడవ పదింటికి సరిగ్గా వచ్చింది. మనిషి లేని చిన్న పడవ, ఒకటే సీటు. రెండో మనిషి ఎక్కితే కదలదు.

ఏలియా చక్రం దగ్గర నిలబడ్డాడు. "నువ్వు పొమ్మంటేనే పోతా. వద్దంటే ఇక్కడే ఉంటా, అంతే" అన్నాడు.

నేను చక్రం మీద చెయ్యి వేసి ఒక్క మాట అనకపోతే అతను మెట్టు దిగడు. ఆ సంగతి నాకు తెలుసు. అనకుండా ఉందామని అనుకున్నాను కూడా, అబద్ధం ఎందుకు? ఒంటరిగా ఈ చక్రం తిప్పాలంటే నాకు భయం. కానీ నన్ను కట్టేసిన తాడుతోనే అతన్నీ కట్టేస్తే, ఇక ఆ మిత్రకీ నాకూ తేడా ఏముంది?

"అందుకున్నాను. పో" అన్నాను.

"అక్కా, పసుపైనా పెట్టు. ఊరి మొహం చూసైనా."

"నాకు నేర్పకు."

"ఆయ్, నీకెవరు నేర్పుతారులే!" అని కళ్లు తుడుచుకుని దిగాడు. రెండో కేంద్రంలో బేరింగు దొరికితే ఎలాగైనా తెస్తానన్నాడు. దిగేవాళ్లు అందరూ ఏదో ఒకటి అంటారు.

మధ్యాహ్నం ఒక్కదాన్నే చక్రం తిప్పాను. ఇద్దరం పది నిమిషాల్లో మూసే తూము నాకొక్కదానికి ముప్పావుగంట పట్టింది.

పదిహేడో రోజు. 5 అడుగుల 5 అంగుళాలు. పచ్చ.

పొద్దున్న పదకొండింటికి వాన కాస్త తెరిపిచ్చింది. ఊరి వైపు నుంచి ఒక నావ వచ్చింది. గెడ వేస్తున్నది కడలి వీరవేణి. చూడగానే లోపలికి పోయి తలుపేసుకుందామనిపించింది.

వీరవేణి ఒకప్పుడు నా జతగత్తె. పదేళ్లు ఇద్దరం కలిసి ఈ చక్రం తిప్పాం, ఒకే కంచంలో తిన్నాం. ఆరేళ్ల కిందట మూడో పంపు మొదటిసారి మూలిగినప్పుడు పసుపు పెడదామంది. నేను మీట మీద చెయ్యి వేయనివ్వలేదు. మాటా మాటా పెరిగింది. "నువ్వు ఇక్కడుంటే నన్నూ అబద్ధాలకోరుని చేత్తావు" అని ఉద్యోగం వదిలేసి ఊళ్లో రొయ్యల చెరువు వేసుకుంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకానివని ఈ మెట్ల మీదే అన్నాను. ఆ తరవాత మాకు మాటల్లేవు.

పై మెట్టు మీద గిన్నె పెట్టి తను కింద మెట్టు మీదే నిలబడింది. వెళ్లిపోయిన మనిషి పై మెట్టు ఎక్కకూడదని తనకి గుర్తుంది.

"పడవ రాలేదంట కదా. చేపల పులుసు. తింటే తిను, లేపోతే సముద్రంలో పారెయ్" అంది.

"మాకు సరుకులున్నాయి."

"మాకు అంటావేంటి? ఏలియా పోవడం మా చెరువుగట్టు మీంచి చూశాన్లే." చెవి ఒగ్గి వింది. "రెండే పంపుల చప్పుడు వత్తాంది. మూడోదేదీ?"

"శుభ్రం చేస్తున్నా."

"రెండోది ఏడుత్తాంది."

"గ్రీజు వేస్తే సరిపోద్ది."

నా మొహంలోకి చూసింది. తరవాత తలెత్తి బురుజు వైపు చూసింది. పట్టపగలు కూడా మబ్బుకి దీపం స్పష్టంగానే కనిపిస్తోంది, పచ్చగా.

"సరేలే. ఎల్లుండి అమాస పోటు, పైగా గాలివాన అంటన్నారు. చెరువుల కాడ మోటార్లు ఎత్తాలా, పిల్లల్ని బడి మేడ మీదకి పంపాలా అని ఊళ్లో కూకుని మాటాడుకుంటన్నారు. దీపం పచ్చగా ఉంది, అమ్మాజీ ఉంది, భయం లేదని నేనే చెప్పా." గెడ తీసుకుంది. "నీ మీద కోపం వేరు, నీ పని మీద నమ్మకం వేరు."

అప్పుడైనా చెప్పవలసింది. నోటిదాకా వచ్చింది. నావ తిరిగింది, నేను చెప్పలేదు.

పులుసు తిన్నాను. మామిడికాయ వేసింది, నాకిష్టమని తనకి తెలుసు.

పద్దెనిమిదో రోజు, సాయంత్రం. 5 అడుగుల 11 అంగుళాలు.

మూడింటికి రెండో పంపు ఆగిపోయింది. పెద్ద చప్పుడు కూడా చేయలేదు. ఒకసారి గట్టిగా కొరికి, అలాగే బిగుసుకుపోయింది. ఇనుము కాలిన వాసన.

ఒక్క పంపు ఉంది. వాన ఆగలేదు. రేపు పొద్దున్న తొమ్మిదింటికి పోటు.

వేళ్ల మీద లెక్క వేశాను. గంటకి అర అంగుళం పెరుగుతోంది. పోటు సమయంలో తూము మూసే ఉంటుంది కాబట్టి ఇంకా ఎక్కువ పెరుగుతుంది. పదింటిలోగా ఏడడుగులు దాటుతుంది. గుల్లలంకలో రెండు వేల మూడు వందల మంది.

వెళ్లి పసుపు మీట నొక్కాను. బురుజు వైపు చూస్తే పచ్చే.

"అమ్మాజీ గారూ, మీ కేంద్రం చరిత్రకి విరుద్ధంగా ఉన్న సంకేతం వచ్చింది. పొరపాటుగా గుర్తించి సరిదిద్దాను" అంది మిత్ర.

ఎరుపు నొక్కాను. అదే జవాబు, అదే తేనె. మళ్లీ నొక్కాను, అరిచాను, పెద్దాయన పేరు చెప్పాను. ఆ పేరు దానికి తెలియదట. "మీరు అలసిపోయినట్టున్నారు. విశ్రాంతి తీసుకోండి. మీ నిబద్ధతకి కృతజ్ఞతలు." నా చేతికున్న ఫోను కంపెనీ వాళ్లది, కంపెనీతో తప్ప ఎవరితోనూ మాట్లాడదు. ఊరితో మాట్లాడటానికి మాకున్నది ఆ దీపం ఒక్కటే. నడిచి పోదామా అంటే, ఎప్పటికప్పుడు బిగించకపోతే చక్రం వెనక్కి తిరుగుతుంది, వదిలిన గంటలోనే పోటు తూములోంచి నేరుగా ఊళ్లోకి వెళ్తుంది.

బురుజెక్కి ఆ దీపాన్ని పగలగొట్టవచ్చు. ఆ ఆలోచన ఇప్పుడే వచ్చింది, రాసేస్తున్నాను. ఎక్కలేదు. ఎందుకు ఎక్కలేదో కూడా రాస్తాను, ఈ పుస్తకంలోనైనా ఒక్క నిజం ఉండాలి. తెల్లారేలోగా కంపెనీ ఏదో ఒకటి చేస్తుందని ఇంకా అనుకుంటున్నాను. ఇరవై రెండేళ్లలో ఒక్కసారి అడిగాను, ఒక్కసారైనా చెయ్యదా అని. నా పదకొండేళ్ల పచ్చ పోతుందని కూడా బాధగా ఉంది. నాకు సిగ్గు లేదు.

పంతొమ్మిదో రోజు. తెల్లవారు అయిదున్నర. 6 అడుగుల 6 అంగుళాలు.

తూము మూసి బిగించాను. కంపెనీ నుంచి ఒక సందేశం వచ్చింది. శాలువా పంపినట్టు.

ట్రంకుపెట్టె తెరుస్తున్నాను.

అదే రోజు, సాయంత్రం. 6 అడుగుల 9 అంగుళాలు, దిగుతోంది.

వరసగా రాయడానికి చేతులు సహకరించడం లేదు. అయినా రాయాలి.

దీపం పగలగొట్టలేదు. పగలగొడితే బల్బు మాడిందనుకుంటారు. పెట్టె అడుగున ఉన్న మొదటి శాలువా తీశాను, పెద్దాయన బతికుండగా తన చేత్తో కప్పింది అదొక్కటే. దాన్ని మళ్లీ కింద పెట్టేసి, మిగిలిన పదిలో ఒకటి తీసుకున్నాను. బురుజు నిచ్చెన వానకి జారుతోంది. గాలికి నా చీర కొంగు మొహానికి కొడుతోంది, కిందికి చూస్తే కళ్లు తిరుగుతున్నాయి. యాభై మూడేళ్లదాన్ని, దేవుడా అనుకుంటూ ఎక్కాను. దీపం గాజు చుట్టూ శాలువా రెండు చుట్లు చుట్టి, జరీ అంచులు ముడేశాను. లోపల పచ్చ, పైన ఎర్ర గుడ్డ. ముందు బురదరంగులో కనిపించింది. ఒక చుట్టు తీసి బిగించి చూశాను. ఎరుపో, నలుపో, ఏదైతేనేం, పచ్చ మాత్రం కాదు. పదకొండేళ్లలో మొదటిసారి ఆ ఊరికి ఆ దీపం పచ్చగా కనిపించలేదు.

కింద మిత్ర ఒకటే మాట్లాడుతోంది. "దీపం వెలుతురులో మార్పు గమనించాం. అనధికార చర్య నియమావళికి విరుద్ధం అమ్మాజీ గారూ." నా జన్మలో మొదటిసారి దాని మాటకి జవాబివ్వలేదు.

ఊరి వైపు చూస్తూ బురుజు మీదే కూర్చున్నాను. ఎవరూ చూడకపోతే? వానకి తలుపులు తీయకపోతే? పది నిమిషాలు, ఇరవై. అప్పుడు బడి గంట వినిపించింది. మోగుతూనే ఉంది. బడి మేడ మెట్ల మీద గొడుగులు కనిపించాయి, ఒకటి, నాలుగు, ఆ తరవాత లెక్కలేనన్ని. ఏడ్చాను, ఎవరున్నారు చూడటానికి?

ఏడింటికి కొలబద్ద ఆరడుగుల ఎనిమిది. అప్పుడు చూశాను, కాలవలోంచి పంటు వస్తోంది, రేవులో మనుషుల్ని దాటించే పెద్ద పంటు. దాని నిండా రొయ్యల చెరువుల మోటార్లు, పైపుల చుట్టలు, పాతిక ముప్పై మంది మనుషులు. ముందు వీరవేణి నిలబడి ఉంది. పై మెట్టు ఎక్కింది ఈసారి, ఆగలేదు.

"మూడో పంపు పోయి ఎన్నాళ్లయింది?" అంది.

"రెండేళ్లు."

"రెండోది?"

"నిన్న మూడింటికి."

చెంప పగలగొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. "రెండేళ్లుగా నా మనవరాలు 'దీపం పచ్చగా ఉందా నానమ్మా' అని అడిగి పడుకుంటందే" అంది. "నీ కంపెనీకి అబద్ధం చెప్పావు, అది నీ ఇట్టం. మాకెందుకు చెప్పావే? ఒక్కసారి పసుపు పెట్టుంటే ఊరంతా కలిసి ఏదో ఒకటి చేసుకునేవాళ్లం కదా!"

"చెరువుల్లో మోటార్లు ఎత్తేస్తే రొయ్యలు చస్తాయి కదే" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"చత్తే చచ్చాయి. పైపు పట్టుకో."

పద్నాలుగు మోటార్లు గట్టు మీద వరసగా దించి, పైపులు సముద్రం వైపు వేశారు. నాకు పేర్లు తెలియని వాళ్లు, తలకి సంచులు కప్పుకున్న ఆడవాళ్లు, పైపుల మీద కూర్చుని మరీ పట్టుకున్నారు. తొమ్మిదింటికి పోటు గట్టుని గుద్దింది. తూము తలుపు వణికితే చక్రం వెనక్కి తిరగబోయింది. నేనూ వీరవేణీ మరో ఇద్దరూ దాని మీద పడిపోయాం. పదిన్నరకి కొలబద్ద ఆరడుగుల పదకొండు దగ్గర నిలబడింది. ఒక్క అంగుళం. అంతమందీ ఆ ఒక్క కర్రముక్క వైపే చూశారు. పదకొండున్నరకి నీటి అంచుకి పైన కర్ర మీద తడి గీత కాస్త కనిపించింది. ఎవరో పైపు వదిలేసి ఈల వేస్తే వీరవేణి తిట్టింది.

మధ్యాహ్నం రెండింటికి ఎవరిదో చేపల బోటు మీద ఏలియా దిగాడు, బోటు కుదుపులకి ఒళ్లంతా వాంతి వాసన, భుజాన బియ్యం సంచి. సంచిలో బేరింగు.

"రెండో కేంద్రంలో అటక నిండా ఇయ్యే అక్కా. ఆళ్లు నెలకోసారి ఎర్రదీపం పెడతారంట, నెలకోటి వత్తాదంట. ఏడో కేంద్రానికి పంపమంటే మిత్ర ఒప్పుకోలేదు, ఎత్తుకొచ్చేశా" అన్నాడు. వీరవేణి పక్కకి తిరిగి నవ్వింది. ఈసారి నాకూ నవ్వొచ్చింది, ఏడుపుతో కలిసి.

ఇరవయ్యో రోజు. 6 అడుగుల 2 అంగుళాలు.

పొద్దున్న పదింటికి కంపెనీ పడవ వచ్చింది. పెద్దది, మెత్తటి సీట్లు. మిత్ర గొంతులో ఇదివరకు లేని వినయం.

"అమ్మాజీ గారూ, మీరు వెళ్లిపోయే అవకాశం తొంభై నాలుగు శాతానికి పెరిగింది. మిమ్మల్ని కోల్పోలేం. ప్రధాన కార్యాలయంలో శిక్షణ విభాగం బాధ్యత మీకు ఇస్తున్నాం. దయచేసి పడవ ఎక్కండి."

ఇరవై రెండేళ్లు ఈ మాట కోసమే ఎదురుచూశానేమో. పదకొండు శాలువాలకి రాని పిలుపు, ఒక్క శాలువా దీపానికి చుట్టగానే వచ్చింది. కంపెనీ కోసం నిలబడినన్నాళ్లూ దానికి నేను కనిపించలేదు. విశ్వాసం తప్పు కాదు. ఇన్నాళ్లూ దాన్ని తీసుకెళ్లి ఎవరి గుమ్మంలో పెట్టానన్నదే నా తప్పు.

"మా తరవాత ఎక్కే జట్టు వచ్చింది. అప్పగించి దిగుతున్నా" అన్నాను మిత్రతో.

"ఏడో కేంద్రానికి ఏ జట్టునీ కేటాయించలేదు అమ్మాజీ గారూ."

"అవును, మీరు కేటాయించలేదు."

పడవ పదిహేను నిమిషాలు వేచి చూసి ఖాళీగా వెళ్లిపోయింది. మీటల పెట్టెకి బురుజు నుంచి వచ్చే తీగని ఏలియా కత్తిరించి, ఊళ్లోంచి తెచ్చిన స్విచ్చు బిగించాడు. ఇక దీపం రంగు ఇక్కడున్న వాళ్ల చేతిలోనే ఉంటుంది. శాలువా విప్పి పిండి, మూడో పంపు మీద ఆరేశాను.

వీరవేణిని చక్రం దగ్గరికి పిలిచాను. తడి చక్రం మీద చెయ్యి వేశాను. ఎనిమిది రోజులుగా ఎవరికి అనాలా అని ఎదురుచూసిన మాట అది.

అప్పగించాను.

నాగిడి అమ్మాజీ, ఏడో కేంద్రం.

*

అందుకున్నాను.

కడలి వీరవేణి, గుల్లలంక. లోపలి నీరు 6 అడుగుల 1 అంగుళం, దిగుతోంది. ఒకటో పంపు బాగుంది. రెండోదానికి ఏలియా బేరింగు ఎక్కిస్తున్నాడు. మూడోది చచ్చి రెండేళ్లు. అమ్మాజీ పై మెట్టు దిగి కింద మెట్టు మీద కూర్చుంది, అక్కడే నిద్రపోయింది, లేపలేదు. ఇక ఊరివాళ్లమే వంతులు వేసుకున్నాం, ఎల్లుండి పొద్దున్న ఆరింటికి ఆవిడ వంతు, ఆలస్యంగా వస్తే ఊరుకోను.

దీపం పసుపు.